న్యుమోనియాకు ఆక్సిజన్: ప్రాంగ్స్ మేలా, మాస్కు మేలా?

న్యుమోనియా పేషెంటు వార్డులో చేరగానే వెంట వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట: "సిస్టర్, మాస్కు పెట్టరా?" మాస్కు పెడితేనే పెద్ద వైద్యం, ముక్కుకు ప్రాంగ్స్ (ముక్కు రంధ్రాల్లో పెట్టే చిన్న గొట్టాలు) పెడితే ఏదో తూతూమంత్రం అనుకుంటారు. కొత్తగా చేరిన నర్సుల్లోనూ ఈ అపోహ కనిపిస్తుంది.

సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90కి అటూఇటుగా ఉండి, మాట్లాడగలుగుతున్న పేషెంటుకైతే నేను ప్రాంగ్స్‌కే ఓటేస్తాను. నిమిషానికి 1 నుంచి 6 లీటర్లు ఇవ్వొచ్చు. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ దీంతో సుమారు 24 నుంచి 44 శాతం దాకా అందుతుంది. పైగా పేషెంటు జావ తాగొచ్చు, మాట్లాడొచ్చు, దగ్గి కఫం ఉమ్మేయొచ్చు. మాస్కు పెడితే పెద్దవయసువాళ్లు ఊపిరాడట్లేదంటూ లాగేస్తారు. అన్నం తినిపించడానికి తీసిన మాస్కు చాలాసేపు దిండు పక్కనే పడి ఉంటుంది. దిండు మీదున్న 8 లీటర్ల మాస్కు కంటే ముక్కులో నిలిచిన 3 లీటర్ల ప్రాంగ్స్ నయం. ముక్కు ఎండిపోతుందన్న మాట నిజమే, 4 లీటర్లు దాటితే ఆక్సిజన్‌కు తేమ చేర్చే హ్యుమిడిఫయర్ బాటిల్ తగిలించాలి. చెవుల వెనక ట్యూబు ఒరుసుకుని పుండు పడకుండా పూటపూటా చూడాలి.

ప్రాంగ్స్‌తో సాచురేషన్ పెరగకపోతే మాస్కు తప్పదు. మామూలు మాస్కుకు కనీసం 5 లీటర్లు పెట్టాలి. అంతకంటే తగ్గిస్తే వదిలిన కార్బన్ డయాక్సైడ్ మాస్కులోనే నిలిచిపోయి, దాన్నే మళ్లీ పీలుస్తారు. కాస్త కోలుకున్నారని మాస్కు అలాగే ఉంచి ఫ్లో 2కి తగ్గించడం తప్పు, అప్పుడు ప్రాంగ్స్‌కు మార్చాలి. సంచి ఉన్న మాస్కుకు 10 నుంచి 15 లీటర్లు కావాలి. ముందు సంచి నిండనిచ్చి, తర్వాతే ముఖానికి పెట్టాలి. ఊపిరి పీల్చినప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోతే ఫ్లో చాలట్లేదన్నమాట. ఇంట్లో వాడే, గాలి నుంచే ఆక్సిజన్ తీసిచ్చే 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్‌తో ఈ మాస్కు నడవదు. అసలు సంచి మాస్కు అవసరం పడిందంటే డాక్టరు మంచం దగ్గర ఉండాల్సిన పరిస్థితి.

ఏళ్ల తరబడి బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ పీల్చి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) వచ్చినవాళ్ల సంగతి వేరు. ఆక్సిజన్ మరీ ఎక్కువైతే వాళ్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మత్తులోకి జారిపోవచ్చు. వాళ్లకు సాచురేషన్ 88-92 చాలు, 98 కోసం ఫ్లో పెంచొద్దు. లెక్క ప్రకారం ఆక్సిజన్ ఇచ్చే వెంచురీ మాస్కు వాళ్లకు అన్నిటికంటే మేలు.

ఏది పెట్టినా, ఆక్సీమీటర్ అంకె చూసి ఊరుకోవద్దు. వేళ్లు చల్లబడినా, నెయిల్ పాలిష్ ఉన్నా అది తప్పు చూపొచ్చు. చామనఛాయ, నల్లని చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశమూ ఉంది. ఛాతీ కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పెద్దవాళ్లలో 30కి చేరితే, సాచురేషన్ 95 ఉన్నా అది ప్రమాదమే. ఆక్సిజన్ వల్ల అంకె బాగుంటుంది, మనిషి మాత్రం ఊపిరి తీసీ తీసీ అలసిపోతుంటాడు. పెద్దవయసువాళ్లలో జ్వరం లేకుండానే న్యుమోనియా ముదరొచ్చు. నిన్నటిదాకా అందరినీ పేరుపెట్టి పిలిచిన తాతయ్య ఇవాళ తికమకగా మాట్లాడుతుంటే, తల వైపు మంచం ఎత్తి, ఊపిరి లెక్కపెట్టి, వెంటనే డాక్టరును పిలవండి.