వైజాగ్ పాత కార్లవాళ్ళకి హెచ్చరిక: అలైన్‌మెంట్ పేరుతో లోయర్ ఆర్ము వంచేశారు

షాపు పేరు రాయడం లేదు. త్రీడీ మెషీన్ ఉన్నది, మనలో చాలామంది టైర్లు కొనేది అక్కడే, మీకే అర్థమవుతుంది. మా ఎంజీబీకి (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొత్త టైర్లు వేయించి అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాల కోణాలు సరిచూడటానికి ఇస్తే, ఒక్క మాట అడక్కుండా కుడివైపు లోయర్ ఆర్ముకి (ముందు చక్రాన్ని కింద పట్టి ఉంచే ఇనుప చెయ్యి) గొలుసు కట్టి హైడ్రాలిక్ జాకీతో వంచేశారు. ఎడమవైపు కూడా గొలుసు కడుతుంటే ఆపించాల్సి వచ్చింది.

ఎందుకు వంచారంటే, వాళ్ళ మెషీన్‌లో ఎంజీబీ లెక్కలు లేవు. ఇప్పటి హ్యాచ్‌బ్యాక్ ఏదో ఎంచుకుని కొలిచారు. ఎంజీబీకి కంపెనీ ఇచ్చిన క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు; పైభాగం బయటికి వాలితే పాజిటివ్, లోపలికైతే నెగటివ్) పాజిటివ్ 1 డిగ్రీ, కాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలు) 7 డిగ్రీలు. ఇప్పటి చిన్న కార్లకి క్యాంబర్ సున్నా దగ్గరో, కాస్త నెగటివ్‌లోనో ఉంటుంది. అందుకే సరిగ్గా ఉన్న చక్రం స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది. ఆ ఎరుపు పోగొట్టడానికి ఇనుము వంచారు! ఈ బండిలో క్యాంబర్, కాస్టర్ తిప్పి సరిచేసేవి కావు. ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) ఒక్కటే సర్దుతాం, వెనక మొద్దు యాక్సిల్‌కి అసలు ఏ సర్దుబాటూ లేదు.

బండి ఎడమకి లాగుతోందేమిటని అడిగితే మేనేజరు ఏమన్నాడో చూడండి. "కుడిది గ్రీన్ వచ్చేసింది కదండీ. ఎడమది మీరే ఆపేశారు. పాత బండన్నాక ఆ మాత్రం లాగుతుందండీ." ఒళ్ళు మండిపోయింది. బండి ఎడమకి లాగేది వయసు వల్ల కాదు. రెండు పక్కలా క్యాంబర్ తేడాగా ఉంటే, పాజిటివ్ ఎక్కువున్న వైపుకి బండి పోతుంది. ఎడమది పాజిటివ్‌లోనే ఉంది, కుడిది వీళ్ళు నెగటివ్‌కి తెచ్చారు. పైగా బిల్లులో "క్యాంబర్ కరెక్షన్" అని వేరే చార్జీ, అది కట్టేదాకా తాళం ఇవ్వలేదు.

స్ప్రింగు కూర్చునే ప్యాన్ బిగించి ఉండేది ఆ ఆర్ములకే. వంచిన చోట పగులు రావచ్చు, కీళ్ళ దగ్గరి రబ్బరు బుష్షులు చిరుగుతాయి. మళ్ళీ వంచి నిటారుగా చేస్తామంటే ఒప్పుకోకండి. ఆర్ములు, బుష్షులు మార్చాల్సిందే.

టో కూడా పాడుచేశారు. స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే రెండు టై రాడ్లలో ఒక్కటే తిప్పారు, స్టీరింగ్ పక్కకి తిరిగింది. రెండూ సమానంగా తిప్పాలి, రెండు వైపులా బయటికి కనిపించే మరలు సమానంగా ఉండాలి. ర్యాక్ బూటు (స్టీరింగ్ ర్యాక్ చివర రబ్బరు తొడుగు) క్లిప్పు వదులు చెయ్యకుండా తిప్పితే బూటు మెలిపడి చిరుగుతుంది. మన సముద్రపు గాలికి టై రాడ్ల లాక్ నట్లు తుప్పుతో పట్టేస్తాయి కాబట్టి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. పని అయ్యాక నట్లు బిగించారో లేదో కళ్ళతో చూడండి.

కావలసిన టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) 1/16 నుంచి 3/32 అంగుళం, అంటే రెండు చక్రాలకీ కలిపి 1.6 నుంచి 2.4 మిల్లీమీటర్లు. 14 అంగుళాల రిమ్ము దగ్గర ఇది కోణంలో దాదాపు 15 నుంచి 23 నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం). మెషీన్‌లో ఒక్కో చక్రానికి విడిగా కొడితే అందులో సగమే కొట్టాలి, లేదంటే రెట్టింపై టైర్ల అంచులు తినేస్తుంది. రేడియల్ టైర్లయితే తక్కువ వైపు ఉంచుకోవడం మేలు.

బండి షాపుకి ఇచ్చే ముందు చక్రం పైకెత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే (వదులు) ఉంటే బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపండి. వదులు పోతే తప్పు బేరింగుది, పోకపోతే కింగ్‌పిన్ (ముందు చక్రం తిరిగే నిలువు పిన్ను) లేదా దాని కింది బుష్షులు. అవి బాగుచేయకుండా అలైన్‌మెంట్ చేయించడం దండగ. వైర్ వీల్స్ (ఊచల చక్రాలు) ఉంటే రనౌట్ (రిమ్ము వంకర వల్ల కొలతలో వచ్చే తేడా) తీయమని గట్టిగా అడగండి. కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి, "టో తప్ప ఏదీ ముట్టుకోవద్దు" అని జాబ్ కార్డు మీద రాయించుకోండి, బండి దించేదాకా పక్కనే ఉండండి.