కారుతో వచ్చిన 185/65 ఆర్15 టైర్లు: ఐదేళ్లు, 46,000 కిలోమీటర్ల తర్వాత

ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే హ్యాచ్‌బ్యాక్‌కి కంపెనీ బిగించి ఇచ్చిన ట్యూబ్‌లెస్ సెట్టు ఇది, 88హెచ్ రకం (88 అంటే టైరు మోయగల బరువు సూచీ, హెచ్ అంటే వేగ పరిమితి సూచీ). తిరుగుడు సగం హైదరాబాదు ట్రాఫిక్‌లో, సగం విజయవాడ హైవే మీద. పొడి రోడ్డు మీద చివరి రోజు దాకా వంక పెట్టడానికి ఏమీ లేదు. వానలో మాత్రం 43,000 దాటాక పట్టు సడలింది. అరుగుదల గుర్తు ఇంకా తగలకపోయినా 46,000 దగ్గర తీసేయడానికి కారణం అదే.

కొత్తలో గాడి లోతు 7.8 మి.మీ. 20,000కి 5.6, 40,000కి 3.4, తీసేనాటికి 2.7. అంటే సుమారు 9,000 కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు. ప్రతి 8,000కి ముందు జతను నేరుగా వెనక్కి, వెనక జతను ఎడమా కుడీ మార్చి ముందుకి వేయించడం వల్లే, ఒక టైరు లోపలి అంచు తప్ప, నాలుగూ దాదాపు సమంగా అరిగాయి. అలా చేయకపోతే ఇలాంటి కారులో ముందు జత చాలా ముందే అయిపోతుంది.

చట్టం 1.6 మి.మీ. దాకా తిప్పుకోనిస్తుంది. ఆ లెక్కన, ఆ ఒక్క అంచు వదిలేస్తే, ఈ టైర్లకు ఇంకో 10,000 కిలోమీటర్ల ఆయుష్షు ఉన్నట్టే. కానీ గాడి ఉన్నదే నీటిని పక్కకు తోయడానికి. లోతు తగ్గేకొద్దీ నీరు పోయే దారి తగ్గి, వేగం మీద టైరు నీటిపై తేలుతుంది. ముందుగా తెలిసేది స్టీరింగులోనే: నిలిచిన నీళ్ల మీద 80లో వెళ్తుంటే ఒక్కసారిగా తేలికైపోతుంది. తడి రోడ్డు మీద ఇదివరకు మామూలుగా ఆగిన బ్రేకుకే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కొట్టుకోవడం మొదలవుతుంది. ఈ రెండూ 3 మి.మీ. దగ్గరే కనిపించాయి. అందుకే ఏటా మే నెలలో కొలవండి. 3 కంటే తక్కువుంటే తొలకరికి ముందే మార్చేయండి. ఎండలో బాగానే నడుస్తోంది కదా అని వానాకాలంలోకి తీసుకెళ్లకండి.

కంటితో అంచనా వేయొద్దు, లోతు కొలిచే చిన్న గేజ్ కొనుక్కోండి. గాడుల మధ్యలో అడ్డంగా ఉండే రబ్బరు కట్టలే అరుగుదల గుర్తులు. అవి ఎక్కడున్నాయో టైరు పక్కన టీడబ్ల్యూఐ అక్షరాలో చిన్న త్రికోణమో చూపిస్తుంది. గేజ్‌ని ఆ కట్టల మీద ఆనించకుండా లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా కొలవాలి. ఈ సెట్టులో ఎడమ ముందు టైరు బయట 3.1, మధ్యలో 2.8, లోపల 1.9 చూపించింది. నిలబడి చూసేవారికి ఆ లోపలి అంచు కనబడదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడాలి. మూడింట్లో తక్కువదే లెక్క. ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణం, తప్పినట్టు. మధ్యలో అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండంచులూ అరిగితే తక్కువైనట్టు. అక్కడక్కడా గుంటలు పడినట్టుంటే షాక్ అబ్జార్బర్లు చూపించండి. కారణం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది.

తక్కువ తిరిగే కార్ల టైర్లు కిలోమీటర్లతో కాదు, వయసుతో పోతాయి. టైరు పక్కన డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు, అంటే తయారీ తేదీ, చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఐదేళ్లు దాటితే ఏటా చూపించాలి, ఎంత బాగా కనిపించినా పదేళ్లు దాటనివ్వకూడదు. ఎండలో నిలిపే కారుకి పక్కల్లో సన్నని పగుళ్లు ముందే వస్తాయి. అవి లోతుగా దిగితే గాడి 5 మి.మీ. ఉన్నా ఉపయోగం లేదు. మన వేసవిలో గాలి తక్కువున్న టైరు మీద హైవేకి వెళ్లడం ఇంకా ప్రమాదం: పక్కలు ఎక్కువగా వంగి, వేడెక్కి పేలుతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం గాలి కొట్టించండి. నడిచాక ఒత్తిడి నాలుగు పీఎస్‌ఐ పెరిగిందని గాలి తీసేయొద్దు.

గుంతలో పడ్డాక పక్కన ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్టే. దానికి రిపేరు లేదు, ఆ రోజే మార్చాలి. ట్రెడ్‌లో (రోడ్డును తాకే భాగంలో) దిగిన 6 మి.మీ. లోపు మేకు రంధ్రానికి టైరు మార్చక్కర్లేదు, విప్పించి లోపలి నుంచి, రంధ్రాన్ని నింపి అతుక్కునే మష్రూమ్ ప్యాచ్ వేయించండి. బయటి నుంచి గుచ్చే స్ట్రిప్ ఊరు చేరడానికి సరిపోతుంది.

రెండే కొంటే కొత్తవి వెనక్కి వేయించండి. షాపులో ముందుకే వేస్తామంటారు, ఒప్పుకోవద్దు. వెనక పట్టు తప్పితే తడి మలుపులో కారు తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు దాన్ని సర్దుకోలేడు. బిగించకముందే తయారీ తేదీ చూడండి. 88హెచ్ కంటే తక్కువ సూచీ ఒప్పుకోకండి. రబ్బరు వాల్వులు కొత్తవి వేయించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో సరిచూసుకోండి.

స్టెప్నీ ఒక్కసారీ దిగకపోయినా దాని వయసు మిగతా నాలుగింటిదే. తేదీ చూడండి, నెలకోసారి గాలి కూడా.