శాన్ ఆండ్రియాస్ కోర్: కొత్త ముక్క అడగాలా, పాత స్లైడు సరిపోతుందా?

కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ దగ్గర శాన్ ఆండ్రియాస్ భ్రంశం (నేల పగిలి రెండు వైపులా జారే చోటు) నుంచి 2007లో తీసిన కోర్, అంటే బోరు వేసి బయటికి లాగిన రాతి కడ్డీ, మొత్తం కలిపి సుమారు 40 మీటర్లే, అందులో ఇప్పటికీ మెల్లగా జారుతున్న పొరలు రెండే, వాటి మందం కలిపినా 5 మీటర్లు ఉండదు. అందుకే పరిశోధనకు దాని నుంచి శాంపిల్ అడిగే ముందు కాస్త ఆలోచించండి. రాపిడి పరీక్షకైతే కొత్త ముక్క తప్పదు, ఆ పొరల్లోని సపోనైట్ అనే మెత్తటి బంకమట్టి ఎంత తేలిగ్గా జారుతుందో స్లైడు (గాజుపలకపై అతికించి మైక్రోస్కోప్‌లో చూసే పలుచటి రాతి పొర) చూసి కొలవలేం. కానీ ఆ పరీక్షలో ముక్క నలిగిపోతుంది, మళ్లీ రాదు. ఖనిజాలు, చీలికల అల్లిక చూడటానికి ఇదివరకే కోసిన పలుచటి స్లైడు చాలు, పదిమంది చూసినా అరగదు. నేనైతే ముందు స్లైడే అడగమంటాను. అప్పటికీ ముక్క కావాలంటే ఏ లోతుది, ఎన్ని గ్రాములు, ఎందుకో స్పష్టంగా రాయండి, మిగిలిన పొడి కూడా పారేయకండి, ఎక్స్‌రే పరీక్షకు ఇంకొకరికి పనికొస్తుంది.