అంకెలేనా అని చూడాలా, మార్చి చూడాలా?

మిర్యాలగూడలో ధాన్యం తూకాలు నమోదు చేసే చిన్న పైథాన్ ప్రోగ్రాములో, గుమాస్తా టైపు చేసినది సంఖ్యేనా అని తేల్చడానికి దారులు రెండు: అంకేనా కాదా అని చెప్పే ఇజ్‌డిజిట్‌తో ప్రతి అక్షరాన్నీ పరీక్షించడం, లేదా పొరపాటు వస్తే పట్టుకునే ట్రై–ఎక్సెప్ట్‌లో ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, మార్చి చూడడం.

ఇజ్‌డిజిట్‌కు ఒక్క వరుస చాలు. ఫ్లోట్‌కు నాలుగు కావాలి.

అయితే 40.5 క్వింటాళ్లలోని చుక్కను, మైనస్ గుర్తును ఇజ్‌డిజిట్ తిరస్కరిస్తుంది. పైగా వర్గాన్ని సూచించే ² ను అంకెగా ఒప్పుకోవడంతో, తర్వాత ఇంట్‌గా, అంటే పూర్ణసంఖ్యగా, మార్చేచోట ప్రోగ్రాము ఆగిపోతుంది. తెలుగు అంకెల ౪౨ మాత్రం రెండింటిలోనూ చెల్లడం నాకు ముచ్చటగా ఉంటుంది.

ఫ్లోట్ తూకాన్ని సరిగానే తీసుకుంటుంది కానీ, సంఖ్య కాని 'నాన్'ను కూడా అంగీకరిస్తుంది. అది ఒక్కటి చేరితే రోజు మొత్తం కూడికే నాన్ అవుతుంది గనుక పరిమితమైన సంఖ్యేనా అని చూసే ఇజ్‌ఫైనైట్‌తో వడపోయక తప్పదు.

బస్తాల లెక్కకు ఇజ్‌డిజిట్, అంతకంటే మేలుగా ² వంటివాటిని ఒప్పుకోని ఇజ్‌డెసిమల్ సరిపోతుంది. తూకానికి, ధరకు ఫ్లోటే తగినది.