బయర్న్ టికెట్‌తో నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట: డబ్బు మిగులుతుంది, టైమే చూసుకోవాలి

మ్యూనిక్ నుంచి శనాదివారాల్లో ఫ్రెండ్స్‌తో ఎటైనా వెళ్దామనగానే ముందు వినపడే పేరు బయర్న్ టికెట్. ఒక్క రోజు టికెట్. జర్మనీలోని బవేరియా రాష్ట్రమంతటా ప్రాంతీయ రైళ్లకీ, మ్యూనిక్‌లో ఎస్-బాన్ (లోకల్ రైళ్లు), యూ-బాన్ (మెట్రో), ట్రాములకీ, చాలా ఊళ్ల బస్సులకీ చెల్లుతుంది. మొదటి మనిషికి గట్టిగానే తీసుకుంటారు. ఆ పైన ఇంకో నలుగురి వరకు తలకి కాస్తంత చొప్పున కలుపుతారు. ఒక్కరే వెళ్తుంటే అంత లాభం కనిపించదు. అయిదుగురు పంచుకుంటే ఇంత చవకగా ఆల్ప్స్ దాకా తీసుకెళ్లే టికెట్ ఇంకోటి దొరకదు.

కొనేముందు ఒక లెక్క వేసుకోవాలి. గ్రూపులో ఎంతమందికి డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లకీ, సిటీ బస్సులకీ చెల్లే పాస్) ఉంది? 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఆ నెలవారీ పాస్ 2025లో 58, 2026లో 63 అయింది. అది ఉన్నవాళ్లకి ఈ దారంతా అదే చాలు. అయిదుగురిలో ఇద్దరికి ఉంటే బయర్న్ టికెట్ ముగ్గురికే తీసుకోవాలి. అలవాటు కొద్దీ అయిదుగురికీ కొనేసేవాళ్లు చాలామంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి రెండు మూడు చోట్లు మాత్రమే తిరుగుతారంటే వాళ్లకి బయర్న్ టికెట్టే మేలు. డాయిచ్‌లాండ్ టికెట్‌ని ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే తర్వాతి నెల డబ్బులు కూడా కట్ అవుతాయి.

జరిమానాలు పడేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది టైమ్: శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో అర్ధరాత్రి 12 నుంచే చెల్లుతుంది గానీ మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే. శుక్రవారం సెలవు పెట్టి 8:45 బండి ఎక్కితే టికెట్ లేనట్టే. రెండోది బండి: ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రయాణ ఎక్స్‌ప్రెస్ రైళ్లలో చెల్లదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా కూడా ఈ టికెట్ చెల్లుతుంది కదా అని అటు వెళ్లే ఈసీ ఎక్కి దొరికిపోతుంటారు. మూడోది పేర్లు: ప్రయాణం చేసేవాళ్లందరి పేర్లూ టికెట్ మీద ఉండాలి. చెకింగ్‌కి వచ్చినప్పుడు పాస్‌పోర్టో, రెసిడెన్స్ కార్డో చూపించాలి. కొన్నాక ఆరో ఫ్రెండ్ వస్తానంటే కలపడం కుదరదు. జరిమానా తలకి 60 యూరోలు, మిగిలిందంతా అక్కడే పోతుంది.

ఇక నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకి దారి. మ్యూనిక్ హాప్ట్‌బాన్‌హోఫ్ (మెయిన్ స్టేషన్) నుంచి కోటకి దగ్గర్లోని ఫ్యూసెన్ ఊరికి రెండు గంటలు. కొన్ని బళ్లు నేరుగా వెళ్తాయి, కొన్నిటికి మధ్యలో మారాలి. వేసవి శనివారాల్లో సీటు కావాలంటే ఇరవై నిమిషాలు ముందే ప్లాట్‌ఫాం మీద ఉండాలి. ఎడమవైపు కిటికీ పట్టండి, కొండలు అటువైపే. ఫ్యూసెన్ స్టేషన్ బయటే 73, 78 నంబరు బస్సులు, పది నిమిషాల్లోపే కోట కింది ఊరు హోహెన్‌ష్వాంగావ్‌లో దింపుతాయి. ఇదే టికెట్ వాటికీ సరిపోతుంది. రైలు దిగినవాళ్లంతా ఆ బస్సుకే ఎగబడతారు, ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.

అసలు తప్పు జరిగేది కోట టైమ్ దగ్గర. లోపలికి గైడ్‌తోనే పంపుతారు, కోట టికెట్ మీద టైమ్ నిమిషంతో సహా వేస్తారు, దాటితే రానివ్వరు. బస్సు దిగిన చోటి నుంచి కోటకి ఎక్కుడు దారి, నడిస్తే 30-40 నిమిషాలు. పెద్దవాళ్లుంటే షటిల్ బస్సు ఎక్కండి. అదీ కోట గుమ్మం దాకా వెళ్లదు, పైనుంచి ఓ పావుగంట దిగి రావాలి. మంచు పడితే ఆ బస్సే ఉండదు. కాబట్టి ఫ్యూసెన్‌కి పదింటికి చేరే బండి అయితే పన్నెండుకి ముందు స్లాట్ పెట్టుకోకండి. రైలు అరగంట లేటయినా గట్టెక్కుతారు. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, ఫొటోలు తీయనివ్వరు.

నిజానికి లోపల చూపించేది అరగంటే. బవేరియా రాజు రెండో లుడ్విగ్ 1869లో మొదలుపెట్టాడు, 1886లో ఆయన పోయేనాటికీ కోట పూర్తి కాలేదు. 2025లో యునెస్కో జాబితాలో చేరింది. క్యాలెండర్లలో కనిపించే ఆ దృశ్యం మాత్రం మరియెన్‌బ్రూకె వంతెన మీద నుంచే, లోయకి 90 మీటర్ల ఎత్తున, పైసా ఖర్చు లేకుండా. కోట టికెట్లు అయిపోయాయని ప్రయాణం మానుకోనక్కర్లేదు. మంచు గడ్డకట్టినప్పుడు వంతెన మూసేస్తారు, అది మాత్రం ముందే చూసుకోండి. కింద ఆల్ప్‌జే చెరువు గట్టున కూర్చుని డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోర తినొచ్చు. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి గనక, తిండి శనివారమే సిద్ధం చేసుకోవాలి.

బయర్న్ టికెట్ మర్నాడు తెల్లవారుజామున 3 దాకా చెల్లుతుంది, ఫ్యూసెన్ నుంచి బళ్లు మాత్రం అంతదాకా ఉండవు. చీకటి పడేసరికి కోట కింద నుంచి స్టేషన్‌కి బస్సులూ పలచబడతాయి. బస్సు దిగగానే స్టాప్‌లో తిరుగు టైమింగ్స్ బోర్డుని ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి.