ట్యూనర్ షోరూమ్‌లో కొన్న పాత అప్‌రైట్: విశాఖలో ఆరేళ్ల వాడకం తర్వాత

షోరూమ్ అంటే అద్దాల మేడేమీ కాదు. పియానోలు శ్రుతిచేసి బాగుచేసే మెకానిక్ తన వర్క్‌షాప్ ముందుగదిలోనే ఐదారు పాత అప్‌రైట్లు (నిలువు పియానోలు) పెట్టి అమ్ముతున్నాడు. అక్కడ కొన్నది జపాన్‌లో తయారైన 121 సెంటీమీటర్ల ఎత్తు పియానో, ఎనభైల తొలినాళ్లది. సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంట్లో ఆరేళ్లుగా రోజుకు రెండు గంటలు మోగుతోంది.

ధర బయటికంటే ఎక్కువే. అయినా పియానో విప్పి చూపించి అమ్మేవాళ్లు ఎంతమంది? ఆ కాలం జపాన్ అప్‌రైట్లలో ముందు చూడాల్సింది హ్యామర్ (తీగని కొట్టే ఫెల్టు సుత్తి) అడుగుభాగమైన బట్ దగ్గరి స్ప్రింగుని పట్టి ఉంచే సన్నటి దారపు ఉచ్చు. ఏళ్లు గడిస్తే అది పెళుసెక్కి, గోరు తగిలినా తెగుతుంది. తెగిన చోట హ్యామర్ బద్ధకంగా వెనక్కొస్తుంది, ఒకే స్వరాన్ని గబగబా కొడితే రెండోసారి పలకదు. దీంట్లో 88కి 88 ఉచ్చులూ కొత్తవి వేశాడు. ఆరేళ్లలో ఒక్కటీ పోలేదు. తెగినవాటినే మార్చిన పియానో కొంటే మిగతావి ఒకదాని వెనక ఒకటి తెగుతూనే ఉంటాయి.

యాక్షన్ (మెట్టు నుంచి హ్యామర్ దాకా ఉండే యంత్రాంగం) సర్దుబాటు కూడా కొలిచి చేసిందే. మెట్టు, అంటే వేలితో నొక్కే కీ, దిగేది 10 మిల్లీమీటర్లు, హ్యామర్‌కీ తీగకీ మధ్య 45. మెట్టుని మెల్లగా నొక్కితే తీగ ఇంకా 3 మిల్లీమీటర్లు ఉందనగా హ్యామర్ మెట్టు పట్టు నుంచి విడిపోతుంది. హ్యామర్ల గాట్లు అరగదీశాడు గానీ ఫెల్టుని సూదులతో గుచ్చి మెత్తబరిచే పని సరిగా చెయ్యలేదు. మార్బుల్ నేల ఉన్న గదిలో తారస్థాయి చెవిలో గుచ్చుకునేది. కింద మందపాటి తివాచీ వేశాక సగం తగ్గింది, సూదులు పడ్డాక మిగతాదీ పోయింది.

అసలు లోటు తేమ సంగతి కొన్నప్పుడే చెప్పకపోవడం. మొదటి వానాకాలంలోనే మధ్యలో ఏడు మెట్లు నొక్కితే పైకి లేవలేదు. మెట్టు కింద పిన్ను చుట్టూ ఉండే ఫెల్టు, దాన్ని పట్టి ఉన్న చెక్క ఉబ్బి బిగుసుకోవడమే కారణం. ముందు పట్టీ తీసి, మెట్టు బయటికి లాగి, ఈజింగ్ ప్లయర్‌తో ఆ ఫెల్టుని కొద్దిగా నొక్కితే సరిపోతుంది. ఎక్కువ నొక్కితే మెట్టు పక్కలకి ఊగి లోపల టకటకమంటుంది. నూనె మాత్రం చుక్క కూడా వెయ్యొద్దు.

తర్వాత కింది పలక వెనక 25 వాట్ల హీటర్ రాడ్, తేమని బట్టి దాన్ని ఆన్, ఆఫ్ చేసే హ్యుమిడిస్టాట్ పెట్టించాం. మెట్లు మళ్లీ పట్టెయ్యలేదు. హ్యుమిడిస్టాట్ లేకుండా రాడ్ ఒక్కటే పెడితే, ఏసీ నడిచే గదిలో చెక్క అతిగా ఎండి పిన్‌బ్లాకు అనే చెక్కదిమ్మలో తీగల్ని బిగించి ఉంచే పిన్నులు వదులవుతాయి.

ట్యూనింగ్ ఏటా రెండుసార్లు, ఆగస్టులో, ఫిబ్రవరిలో. తొలకరి పడగానే చేయిస్తే డబ్బు దండగ. సౌండ్‌బోర్డు (తీగల వెనక మోగే చెక్కపలక) అప్పుడే ఉబ్బడం మొదలవుతుంది, మధ్యస్థాయి శ్రుతి పైకి జరుగుతూనే ఉంటుంది.

ఉప్పుగాలికి తుప్పు పట్టి తారస్థాయిలో రెండు తీగలు తెగాయి. కొత్త తీగ సాగుతుంది కాబట్టి మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు బిగించాల్సి వచ్చింది. ఒక్క మనిషి నడిపే షోరూమ్‌తో ఉన్న చిక్కు అక్కడే తెలిసింది. ఆయన ఊళ్లో లేనప్పుడు మూడు వారాలు ఆగాలి. చేసిన పనుల జాబితా కాగితం మీద రాసివ్వలేదు కాబట్టి వేరే ట్యూనర్‌ని పిలిస్తే, ఏ సైజు తీగ వేశారన్న దగ్గరే మొదలెట్టాలి.