షడ్జమం మార్చాలంటే మౌసు పట్టాలి: జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్‌తో ఆరేళ్ళు

జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్ (ఇకపై జిన్) అంటే కీబోర్డు మెట్లు నొక్కితే కంప్యూటర్‌లో శబ్దం పుట్టించే సింథ్ ప్రోగ్రాము. మన పాటకు కావలసిన అసలు సదుపాయం, అంటే ఒక్కో స్వరాన్నీ మనకు కావలసిన శ్రుతిలో పెట్టుకోవడం, ఈ సింథ్‌లో ఉంది. డబ్బు పోసి కొనే సాఫ్ట్‌వేర్లలో కూడా ఇంత తేలిగ్గా దొరకనిది, ఇక్కడ ఉచితంగా ఉంది. అది ఉన్న కిటికీని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఆరేళ్ళ వాడకంలో నాకున్న బాధంతా ఆ ఒక్క కిటికీ గురించే. పేరు ‘స్కేల్ సెట్టింగ్స్’. శబ్దాలు, ఫిల్టర్లు, ఎఫెక్టుల సంగతి అందరికీ తెలిసిందే కనుక వదిలేస్తున్నాను. నేను వాడేది పాత ముఖంతో వచ్చే 2.5 వెర్షన్, ఉబుంటు మీద.

బరంపురం, పర్లాకిమిడి వైపు మెలడీ పార్టీకి వాయించేవాళ్ళకి ఈ కిటికీ ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఒకే సాయంత్రం నలుగురు పాడతారు. ఒడియా భజన పాడే ఆవిడ ‘సి షార్ప్’ అంటారు. తర్వాత కీర్తన ఎత్తుకునే పెద్దాయన ‘ఒకటిన్నర శ్రుతి’ అంటారు. రెండూ ఒకటే. ఆ తర్వాత వచ్చే కుర్రాడు రెండుకి పెట్టమంటాడు, చిన్నపిల్ల అయిదుకి. పక్కన హార్మోనియం, వెనకాల తంబూరా పెట్టె. వీటన్నిటి మధ్య కీబోర్డు అంతర గాంధారం 14 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ పలికితే చెవికి పట్టేస్తుంది. ఒకటి శ్రుతిలో, అంటే సా సి మెట్టు మీద ఉన్నప్పుడు, లెక్క వేసి చూడండి. షడ్జమం 261.63 హెర్ట్జ్. దానికి 5/4 పెడితే గాంధారం 327.03. మామూలు కీబోర్డులో అది 329.63. సా అయిదో హార్మోనిక్ (సాకి అయిదు రెట్ల పైస్వరం), గా నాలుగో హార్మోనిక్ ఒకదాన్నొకటి రాసుకుని సెకనుకు 10 సార్లకు పైగా ఊగుతాయి. పంచమం దగ్గర ఈ ఊపు సెకనుకు ఒకటి కూడా ఉండదు. అందుకే కీబోర్డులో పా బాగుందనిపిస్తుంది, గా గరగరలాడుతుంది.

దీన్ని జిన్‌లో సరిచేయడం నిజానికి రెండు నిమిషాల పని. స్కేల్ మెనూలో ‘షో స్కేల్ సెట్టింగ్స్’ తెరిచి ‘ఎనేబుల్ మైక్రోటోనల్’ టిక్కు పెట్టాలి. ట్యూనింగ్స్ పెట్టెలో వరసకొకటి చొప్పున 12 వరసలు: 16/15, 9/8, 6/5, 5/4, 4/3, 45/32, 3/2, 8/5, 5/3, 16/9, 15/8, 2/1. సా కోసం 1/1 రాయకూడదు, అది దానంతటదే ఉంటుంది. చివరి 2/1 మాత్రం తప్పనిసరి. అదే పై షడ్జమం. తర్వాత ‘రీట్యూన్’ నొక్కాలి. సాధారణ గాంధారం ఉన్న రాగాలకి నేను 16/9 తీసేసి 9/5 పెడతాను. అప్పుడు ఆ నిషాదం 6/5కి సరైన పంచమం అవుతుంది. ఎడమ చేత్తో కార్డులు నొక్కేవాళ్ళు 5/3 ధైవతాన్ని కూడా 27/16 చేసుకోవాలి. లేకపోతే మోహనంలో రి, ధ కలిపి నొక్కినప్పుడు వికారంగా ఉంటుంది. ఒక్కో స్వరంగా వాయిస్తే 5/3నే తియ్యగా ఉంటుంది.

నిష్పత్తికి బదులు సెంట్లలో రాయాలంటే చుక్క ఉండాలి. 386.3 అంటే సెంట్లు. చుక్క మరిచి 386 అని రాస్తే ప్రోగ్రాము దాన్ని 386 రెట్లు అని అర్థం చేసుకుంటుంది. తప్పని చెప్పదు, రంగు మారదు, ఆ మెట్టు పనికిరాకుండా పోతుంది, అంతే. ఈ కిటికీ తీరే అలాంటిది.

ఇంకో గడి చూడండి: ‘ఎ’ నోట్ 69, ‘ఎ’ ఫ్రీక్వెన్సీ 440. కీబోర్డులో ప్రతి మెట్టుకీ ఒక నోటు నంబరు ఉంటుంది, మధ్య సి 60, దాని పై ఎ 69. ఇవి ముందే వేసి ఉంటాయి. చూడగానే అందరికీ తెలిసిన ట్యూనింగ్ ఫోర్క్ లెక్కలాగే కనబడుతుంది కనుక ఎవరూ ముట్టుకోరు. కానీ మైక్రోటోనల్ వేశాక, కీ మ్యాపింగ్ (ఏ మెట్టుకి ఏ స్వరమో విడిగా రాసే పట్టిక) వాడనంత కాలం, ఆ నోటే స్కేలుకి షడ్జమం. అంటే 69 అలాగే వదిలేస్తే ఆరు శ్రుతి మెట్టు సా అయి కూర్చుంటుంది. సి మెట్టు మీద సా పెట్టుకుని వాయించేవాడికి నిష్పత్తులన్నీ తప్పు చోట పడతాయి. 69 తీసి 60 వేసి, 440 తీసి 261.63 వేయాలి. ఈ ఒక్క ముక్క పక్కన రాసి పెట్టి ఉంటే చాలు, మైక్రోటోనల్ పనిచేయడం లేదని వదిలేసినవాళ్ళలో సగం మంది వెనక్కి వస్తారని నా నమ్మకం.

ఇక అసలు దెబ్బ కీబోర్డు మెట్లన్నిటినీ పైకో కిందికో జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ దగ్గర తగులుతుంది. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే తప్పెక్కడుందో వినికిడి బట్టి తెలియదు.

పాడేవాళ్ళు రెండు శ్రుతి అడిగారు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ ప్లస్ 2 నొక్కారు. ఇప్పుడు సి మెట్టు నొక్కితే కీబోర్డు 60 కాదు, 62 పంపుతుంది. జిన్‌కి మీరు ట్రాన్స్‌పోజ్ చేశారని తెలియదు. 62 అంటే దాని లెక్కలో రిషభం, 9/8. సరే, సా అక్కడికి వెళ్ళింది. గా మెట్టు 66 పంపుతుంది, అది 45/32. దాన్ని 9/8తో భాగిస్తే 5/4, సరిగ్గా గాంధారమే. మా మెట్టు 67, అంటే 3/2. భాగిస్తే 4/3, అదీ సరే. ధైవతం కూడా 5/3 దగ్గరే పడుతుంది. పా మెట్టు మాత్రం 69 పంపుతుంది. అది 5/3. భాగిస్తే వచ్చేది 40/27, అంటే 680.4 సెంట్లు. పంచమం 702 ఉండాలి. 21 సెంట్లకు పైగా దిగిపోయింది! రిషభం 10/9కి జారుతుంది, అదీ అంతే తక్కువ. నిషాదం దాదాపు 20 సెంట్లు పైకి పోతుంది.

గా, మా, ధ శుభ్రంగా ఉండి పంచమం ఒక్కటే ఏడుస్తుంటే ఏమనుకుంటాం? తంబూరా పెట్టెలో పంచమం దిగిందనుకుని దాని బిరడా తిప్పుతాం. హార్మోనియంలో రీడు పోయిందేమో అనుకుంటాం. సా, పా కలిపి పట్టుకుంటే సెకనుకు 11 ఊపుల చొప్పున గరగరమంటుంది. తంబూరాని దీనికి సరిపెడితే గాయకుడి గొంతు తేడా పడుతుంది. తప్పు ఎవరి వాద్యంలోనూ లేదు. స్కేలు ఒక చోట కూర్చుంది, చేతులు ఇంకో చోటికి జరిగాయి, అంతే.

కాబట్టి మైక్రోటోనల్ వేశాక కీబోర్డు ట్రాన్స్‌పోజ్ ముట్టుకోకూడదు. జిన్ లోపల ‘మాస్టర్ కీ షిఫ్ట్’ ఉంది. అది దొరికినప్పుడు చాలా సంతోషించాను, ఎందుకంటే అది నోటు నంబరు జరపదు, మొత్తం స్కేలుని నిష్పత్తులు చెడకుండా పైకెత్తుతుంది. సి మెట్టు సాగానే ఉంటుంది, పలికేది రెండు శ్రుతి. కొన్నాళ్ళు దీన్నే అందరికీ చెప్పాను. తర్వాత దానికీ ఒక మెలిక ఉందని తెలిసింది. అది ఎత్తే కొలత మీ స్కేలులోని మెట్టే. ప్లస్ 1 అంటే 100 సెంట్లు కాదు, 16/15, అంటే 111.7. ఒకటిన్నర శ్రుతి హార్మోనియం పక్కన దాదాపు 12 సెంట్లు పైన ఉంటుంది. ప్లస్ 4 వేస్తే 14 సెంట్లు కింద. ప్లస్ 2కి 4 సెంట్ల తేడా, ప్లస్ 5కీ 7కీ రెండే. ఈ మూడిటికి నిశ్చింతగా వాడొచ్చు, మిగతా వాటికి వద్దు.

ఎక్కడా తేడా రాని దారి ఒకటే: ‘ఎ’ నోట్ 60 దగ్గరే ఉంచి ఫ్రీక్వెన్సీ మార్చడం. ఒకటిన్నరకి 277.18, రెండుకి 293.66, రెండున్నరకి 311.13, మూడుకి 329.63, నాలుగుకి 349.23, అయిదుకి 392. హార్మోనియం 440 దగ్గర లేకపోతే దాని సా ట్యూనర్‌లో చూసి ఆ అంకే వేయాలి. పాత రీడు పెట్టెలు చాలావరకు అటో ఇటో ఉంటాయి.

నా అసలు గొడవ ఇక్కడే. ఆ అంకె మార్చాలంటే వాయించడం ఆపి, మౌసు పట్టి, కిటికీ తెరిచి, గడిలో టైపు చేయాలి. కీబోర్డు నుంచి ప్రోగ్రామ్ చేంజ్ (వాద్యం మార్చమనే సందేశం) పంపితే వాద్యం మారుతుంది, షడ్జమం మారదు. నాబ్ తిప్పితే ఫిల్టరు మారుతుంది, షడ్జమం మారదు. స్టేజి మీద చేయగలిగిందల్లా ముందే ఒక్కో శ్రుతికి ఒక్కో ఫైలు దాచుకోవడం. స్కేల్ మెనూలో ‘సేవ్ స్కేల్ సెట్టింగ్స్’ నొక్కితే ఎక్స్‌ఎస్‌జెడ్ ఫైలు వస్తుంది, అందులో నిష్పత్తులతో పాటు నోటు, ఫ్రీక్వెన్సీ కూడా ఉంటాయి. 12 శ్రుతులకి 12 ఫైళ్ళు, పేర్ల ముందు 01, 02 అని పెడితే వరసలో కనబడతాయి. నిషాదం రెండు రకాలుగా కావాలంటే 24. లోడ్ చేశాక పట్టి ఉంచిన శ్రుతి స్వరాన్ని వదిలి మళ్ళీ నొక్కాలి. మోగుతున్న స్వరం కొత్త ట్యూనింగ్‌కి రాదు, ఎందుకంటే పిచ్ లెక్క మెట్టు నొక్కిన క్షణంలోనే జరిగిపోతుంది. ఈ సంగతి తెలియకపోతే ఫైలు లోడ్ కాలేదనుకుని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ ఉంటారు.

శ్రుతి స్వరం అన్నాను కదా, దానికి ఇందులోని ప్యాడ్‌సింథ్‌ని మించింది నాకు దొరకలేదు. ఈ సింథ్ రాసిన నాస్కా ఆక్టేవియన్ పాల్ తయారుచేసిన పద్ధతే అది. ప్రతి హార్మోనిక్‌ని ఒక గీతలా కాకుండా కొంచెం వెడల్పుగా పరిచి, అతుకు తెలియని పొడవైన సాంపిల్ తయారుచేస్తుంది. సాంపిల్ సైజు 256కె పెడితే, సెకనుకు 48,000 సాంపిళ్ళ రేటు దగ్గర అయిదున్నర సెకన్ల చుట్టు. గంటసేపు మోగినా తిరిగి మొదలైన చోటు వినబడదు. ఆ వెడల్పుని, అంటే బ్యాండ్‌విడ్త్‌ని, బాగా తగ్గించి వాడండి. ఎక్కువైతే ఎంత జాగ్రత్తగా పెట్టిన 5/4 అయినా ఆ మసకలో కలిసిపోతుంది. అయితే ఈ పొగడ్తకీ హద్దుంది. ఏ చిన్న మార్పు చేసినా ‘అప్లై చేంజెస్’ ఎర్రబడుతుంది, నొక్కితే మొత్తం సాంపిల్ మళ్ళీ లెక్కకట్టాలి. పాత లాప్‌టాప్‌లో సెకన్లు పడుతుంది. నాలుగు ప్యాడ్‌సింథ్ వాద్యాలున్న ఫైలుని పాటల మధ్య లోడ్ చేయడం నేను మానేశాను. అన్నీ ముందే వేర్వేరు పార్టుల్లో (ఒక్కో వాద్యాన్ని ఉంచుకునే గదుల్లో) పెట్టుకుని ఆన్, ఆఫ్ చేసుకుంటాను.

పార్టులు 16 ఉన్నాయి, స్కేలు ఒక్కటే. ఇది రెండో గొడవ, నా దృష్టిలో మొదటిదానికంటే పెద్దది. హార్మోనియంతో జోడుగా వాయించే పార్టు మామూలు కీబోర్డు శ్రుతిలో ఉండాలి, వయొలిన్‌లాంటి పార్టు, శ్రుతి స్వరం శుద్ధ నిష్పత్తుల్లో ఉండాలి. ఒకే కిటికీ ఇద్దరికీ సరిపోదు. జిన్‌ని రెండుసార్లు నడపడమే దారి. ఒక్కోదానికి పేరు మార్చి జాక్‌కి (ప్రోగ్రాముల శబ్దాలను ఒకదానికొకటి కలిపే ప్రోగ్రాము) కలపాలి, రెండోదాంట్లో పార్టు 1ని మిడి చానల్ 2కి మార్చాలి, స్కేలుతో సహా మొత్తాన్ని ఎక్స్‌ఎమ్‌జెడ్ ఫైలుగా దాచి మొదలుపెట్టేటప్పుడే లోడ్ అయ్యేలా చూసుకోవాలి. బఫర్ 256, పీరియడ్లు 2, రేటు 48,000 అంటే మెట్టు నొక్కాక శబ్దం రావడానికి 10.7 మిల్లీసెకన్ల ఆలస్యం. చేతికి ఇబ్బంది ఉండదు. 128కి దించితే నా మిషన్‌లో రెండు జిన్‌లు కలిసి టప్ టప్‌మంటాయి.

గమకం కోసం ఒక మాట. స్వరాన్ని వంచే పిచ్ వీల్ రేంజ్ 200 సెంట్లకు పెట్టి ఉంటుంది. శుద్ధ నిష్పత్తుల్లో రి నుంచి గాకి ఉన్న దూరం 182 సెంట్లే. వీలు పూర్తిగా తోస్తే గాంధారం దాటిపోతుంది. కంట్రోలర్ల కిటికీలో 182 అని వేస్తే చెయ్యి చివరికి ఆనినప్పుడు స్వరం సరిగ్గా నిలుస్తుంది. సా నుంచి రికి 204 కావాలి, కాబట్టి దీన్ని రాగం బట్టి ఎంచుకోవాలి.

ఇంజను రాసినవాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు. 3.0తో కొత్త ముఖం తెచ్చారు, అది చిన్న శ్రమ కాదు. నేను అడిగేది కొత్త శబ్దం కాదు. ప్రతి పార్టుకీ తన స్కేలు. ప్రోగ్రామ్ చేంజ్‌తో పిలవగలిగే స్కేళ్ళ పట్టిక. నోటు, ఫ్రీక్వెన్సీ గడుల మీద ‘ఇదే షడ్జమం’ అని ఒక మాట. కీ షిఫ్ట్‌కి నిష్పత్తిలోనా, 100 సెంట్ల మెట్లలోనా అని అడిగే ఒక టిక్కు. లోపల లెక్క అంతా సరిగ్గానే ఉంది, దాన్ని వాయించేవాడి చేతికి అందించే పనే మిగిలింది. 2009లో దీన్నుంచి విడిపోయిన యోషిమిలో ఒకే ప్రోగ్రామ్ కింద పలు ఇన్‌స్టాన్స్‌లు (వేర్వేరు నకళ్ళు) నడపొచ్చు కనుక రెండు స్కేళ్ళ తంటా కొంత తగ్గుతుంది. అక్కడ కూడా ఒక ఇన్‌స్టాన్స్‌కి ఒకే స్కేలు.

సాయంత్రమంతా ఒకే శ్రుతిలో సాగే భజన మండలి అయితే కళ్ళు మూసుకుని పెట్టుకోండి. ఒకసారి అంకెలు వేస్తే మళ్ళీ ఆ కిటికీ తెరవక్కర్లేదు. పాటకో గొంతు మారే మెలడీ పార్టీకైతే, నాకు పక్కన కూర్చుని ఫైళ్ళు లోడ్ చేసే మనిషి ఉన్నాడు కాబట్టి నడుస్తోంది. ఒక్కరే వాయించేవాళ్ళయితే రెండు చేతులూ మెట్ల మీద ఉన్నప్పుడు ఆ అంకె ఎవరు మారుస్తారో ముందే చూసుకోండి.